ఆల్ఫ్రెడ్ వర్క్‌ఫ్లోను ఎన్‌పీఎం ద్వారా అందించడం ఎలా?

ఆల్ఫ్రెడ్ అంటే కీబోర్డు నుంచే పనులు చేయించుకునే మ్యాక్ యాప్, వర్క్‌ఫ్లో అంటే దానికి మనం చేర్చుకునే కొత్త పని. మీ అవసరం కోసం అలాంటి వర్క్‌ఫ్లో ఒకటి రాసుకున్నారు. చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. ఎక్స్‌పోర్ట్ చేసి ఫైలు పంపారు. తర్వాత ఒక తప్పు కనిపిస్తే దిద్ది ఇంకో ఫైలు పంపారు. ఇలా కొన్నిసార్లు జరిగేసరికి ఎవరి మ్యాక్‌లో ఏ వెర్షన్ నడుస్తోందో వాళ్లకూ తెలియదు, మీకూ తెలియదు. ఎవరైనా "పనిచేయట్లేదు" అంటే, అసలు ఏ ఫైలు వేసుకున్నారో కనుక్కోవడానికే సగం సమయం పోతుంది.

ప్యాకేజ్ మేనేజర్ తీర్చేది సరిగ్గా ఈ చిక్కునే. ప్రతి విడుదలకూ ఒక నంబరు ఉంటుంది, ఆ నంబరుతో ఎవరు తెచ్చుకున్నా అదే సరుకు వస్తుంది, తెచ్చుకోవడానికి ఒక్క లైను కమాండ్ చాలు. జావాస్క్రిప్టు లోకంలో అలాంటి ప్యాకేజ్ మేనేజర్ ఎన్‌పీఎం. అయితే ఎన్‌పీఎంకు ఆల్ఫ్రెడ్ అంటే ఏమిటో తెలియదు. సరుకును గుమ్మం దాకా చేర్చడం ఎన్‌పీఎం పని. లోపల ఎక్కడ సర్దుకోవాలో ఆల్ఫ్రెడ్‌కే వదిలేయాలి. ఈ హద్దు దాటితే వచ్చే ఇబ్బందులేమిటో, దాటకుండా పని ఎలా పూర్తి చేయవచ్చో ఒక ఉదాహరణతో చూద్దాం. వేర్వేరు టైమ్ జోన్లలో ఇప్పుడు సమయం ఎంతో చూపించే చిన్న వర్క్‌ఫ్లో అనుకుందాం. ప్యాకేజీ పేరు ఆల్ఫ్రెడ్-గడియారం.

కమాండ్లనూ ఫైలు పేర్లనూ పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

1. వర్క్‌ఫ్లో ఫోల్డర్‌ను తెరిచి చూడండి

ఆల్ఫ్రెడ్ ప్రిఫరెన్సెస్‌లో వర్క్‌ఫ్లో పేరు మీద రైట్ క్లిక్ చేసి ఫైండర్‌లో తెరవండి. యూజర్ డాట్ వర్క్‌ఫ్లో అనే మాటలతో మొదలై పొడవైన గుర్తింపు సంఖ్యతో ముగిసే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ఇన్ఫో డాట్ పీలిస్ట్, ఐకాన్ బొమ్మ, మీ స్క్రిప్టులు ఉంటాయి. కీవర్డులు, హాట్‌కీలు, ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకు గీసిన గీతలు, అన్నీ ఆ ఇన్ఫో ఫైల్లోనే ఉంటాయి. ఆల్ఫ్రెడ్ 5 వాడేవాళ్లకు ప్రెఫ్స్ డాట్ పీలిస్ట్ అని ఇంకో ఫైలు కూడా ఉండొచ్చు. వర్క్‌ఫ్లో కాన్ఫిగరేషన్‌లో యూజర్ ఎంచుకున్న విలువలు ఇందులోకి వెళ్తాయి. ఈ రెండో ఫైలును గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు వచ్చే ఆల్ఫ్రెడ్‌వర్క్‌ఫ్లో ఫైలు నిజానికి మామూలు జిప్ ఫైలే. కాబట్టి దాన్ని స్క్రిప్టుతోనూ తయారు చేసుకోవచ్చు.

బండిల్ ఐడీ ఖాళీగా ఉంటే ఇప్పుడే నింపండి. మీ డొమైన్ పేరును తిరగేసి, చివర వర్క్‌ఫ్లో పేరు పెడితే సరిపోతుంది. పాత వెర్షన్, కొత్త వెర్షన్ ఒకే వర్క్‌ఫ్లోవని ఆల్ఫ్రెడ్ తెలుసుకునేది దీనివల్లే. ఇది లేకపోతే మీ స్క్రిప్టుకు డేటా ఫోల్డర్, క్యాష్ ఫోల్డర్ దారులు కూడా అందవు. ఒకసారి విడుదల చేశాక దీన్ని మార్చకండి.

2. సిమ్‌లింక్ దారి ఎందుకు వద్దు

ఎన్‌పీఎంలో ఆల్ఫ్రెడ్ వర్క్‌ఫ్లోలు కొత్తేమీ కాదు. సిండ్రే సోర్హుస్ రాసిన ఆల్ఫీ లైబ్రరీతో చాలామంది ఇలాగే పంచారు. ప్యాకేజీని గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేయగానే పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టు నడిచి, ఆల్ఫ్రెడ్ వర్క్‌ఫ్లోల ఫోల్డర్‌లో ఒక సిమ్‌లింక్ (ప్యాకేజీ ఉన్న అసలు ఫోల్డర్‌కు దారి చూపే లింకు) పెడుతుంది. తీసేసేటప్పుడు ప్రీఅన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టు ఆ లింకును తొలగిస్తుంది. ఆ రోజులకు అది చక్కటి ఏర్పాటు. స్క్రిప్ట్ ఫిల్టర్ (టైప్ చేసినదాన్ని బట్టి ఆల్ఫ్రెడ్‌లో ఫలితాల జాబితా చూపే స్క్రిప్టు) రాయడానికి ఆల్ఫీ ఇప్పటికీ బాగుంటుంది, నిస్సంకోచంగా వాడండి. పంపిణీ పద్ధతి దగ్గరే నా అభ్యంతరం. కింద ఉన్న పునాది మారిపోయింది.

ఎన్‌పీఎం 7 నుంచి అన్‌ఇన్‌స్టాల్ స్క్రిప్టులు నడవవు. ప్యాకేజీ పోయినా తెగిన లింకు ఆల్ఫ్రెడ్ ఫోల్డర్‌లో మిగిలిపోతుంది. పోస్ట్‌ఇన్‌స్టాల్ నడిచినా అది చెప్పే మాటలు తెరమీద కనిపించవు, ఎన్‌పీఎం 7 వాటిని మామూలుగా దాచేస్తుంది. ఎన్‌పీఎంకు బదులుగా కొందరు వాడే పీఎన్‌పీఎంలో, 2025 జనవరిలో వచ్చిన వెర్షన్ 10 అయితే డిపెండెన్సీల (అంటే తెచ్చుకున్న ప్యాకేజీల) ఇన్‌స్టాల్ స్క్రిప్టులను అడగనిదే నడపదు. ఈ జాగ్రత్త ఎంత అవసరమో ఆ ఏడాదే తేలింది. 2025 సెప్టెంబరులో షాయ్-హులూద్ అనే పురుగు ఎన్‌పీఎం ప్యాకేజీల్లో పాకింది, అది ఇన్‌స్టాల్ స్క్రిప్టులోనే కూర్చుని యూజర్ల టోకెన్లు దోచింది. ఇన్‌స్టాల్ స్క్రిప్టులను ఆపేసుకుంటున్న జనం పెరుగుతున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. మీ ప్యాకేజీ అలాంటివాళ్ల దగ్గర కూడా పనిచేయాలి.

లింకు సరిగా పడినా ఇబ్బందులు ఆగవు. ఎన్‌వీఎంతో (నోడ్ వెర్షన్లను మార్చుకునే సాధనంతో) నోడ్‌ను, అంటే జావాస్క్రిప్టును నడిపే ప్రోగ్రామ్‌ను, వాడేవాళ్ల గ్లోబల్ ప్యాకేజీలు ఒక్కో నోడ్ వెర్షన్‌కు ఒక్కో ఫోల్డర్‌లో ఉంటాయి. పాత నోడ్‌ను తీసేసిన రోజున మీ వర్క్‌ఫ్లో కూడా దానితో పాటే మాయమవుతుంది. ఎందుకు పోయిందో యూజర్‌కు ఊహకు కూడా అందదు. ఆల్ఫ్రెడ్ సెట్టింగులను రెండు మ్యాక్‌ల మధ్య సింక్ చేసుకున్నవాళ్లకు రెండో మ్యాక్‌లో ఆ లింకు ఎటూ పోదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. ఎన్‌పీఎం అప్‌డేట్ చేసేటప్పుడు పాత ప్యాకేజీ ఫోల్డర్‌ను తీసి కొత్తది పెడుతుంది. లింకు వల్ల ఆల్ఫ్రెడ్ రాసుకున్నవన్నీ ఆ ఫోల్డర్‌లోనే ఉన్నాయి కదా. యూజర్ పెట్టుకున్న హాట్‌కీ, మార్చుకున్న కీవర్డు, ప్రెఫ్స్ ఫైల్లోని ఎంపికలు ఒక్క అప్‌డేట్‌తో తుడిచిపెట్టుకుపోతాయి. ఎవరి వేళ్లకు అలవాటైన షార్ట్‌కట్‌ను వాళ్లకు చెప్పకుండా తీసేయకూడదు. వర్క్‌ఫ్లో రాసేవాళ్లకు ఇంతకంటే ముఖ్యమైన మర్యాద లేదు.

మీ సొంత మ్యాక్‌లో, రాస్తూ పరీక్షిస్తున్నప్పుడు మాత్రం సిమ్‌లింక్ మంచిదే. కోడ్ మార్చిన మరుక్షణం ఆల్ఫ్రెడ్‌లో కనిపిస్తుంది.

దీనికి బదులుగా చేయాల్సిన పని చాలా చిన్నది. ప్యాకేజీలో తయారైన ఆల్ఫ్రెడ్‌వర్క్‌ఫ్లో ఫైలును పెట్టి, దాన్ని ఆల్ఫ్రెడ్‌తో తెరిచే ఒక కమాండ్ ఇవ్వండి. ఆల్ఫ్రెడ్ తన ఇంపోర్ట్ కిటికీ చూపిస్తుంది. అదే బండిల్ ఐడీ ఉన్న పాతది దొరికితే అప్‌గ్రేడ్‌గా గుర్తించి, యూజర్ సెట్టింగులను కొత్తదానికి తరలిస్తుంది. మీరు రాయాల్సిన కోడ్ అక్కడికే తగ్గిపోతుంది. యూజర్ ఒక బటన్ అదనంగా నొక్కాలి, నిజమే. తన మ్యాక్‌లోకి ఏం వస్తోందో చూసి ఒప్పుకునే అవకాశం కూడా ఆ బటన్ దగ్గరే దొరుకుతుంది.

3. ప్రాజెక్టును సర్దండి

కోడ్ రాసే ఫోల్డర్ వేరుగా, ఆల్ఫ్రెడ్‌కు వెళ్లే ఫోల్డర్ వేరుగా ఉంచండి. మొదటిదాని పేరు సోర్స్, రెండోదాని పేరు వర్క్‌ఫ్లో అనుకుందాం. ఇన్ఫో ఫైలు, ఐకాన్ రెండోదాంట్లో ఉంటాయి. ఇన్ఫో ఫైలును గిట్‌లో పెట్టండి. అది ఎక్స్ఎంఎల్ కాబట్టి ఏ కీవర్డు ఎప్పుడు మారిందో తర్వాత చూసుకోవచ్చు. ప్రెఫ్స్ ఫైలును గిట్‌ఇగ్నోర్‌లో చేర్చండి.

సోర్స్‌లోని జావాస్క్రిప్టును ఈఎస్‌బిల్డ్ అనే సాధనంతో ఒకే ఫైలుగా కట్టి వర్క్‌ఫ్లో ఫోల్డర్‌లోకి పంపండి. బండిల్ ఆప్షన్ ఇచ్చి, ప్లాట్‌ఫామ్‌ను నోడ్ అని చెబితే చాలు. ఇలా చేస్తే వందల ఫైళ్ల నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను మోసుకెళ్లే పని ఉండదు. మీరు వాడిన లైబ్రరీలన్నీ డెవ్ డిపెండెన్సీలు, అంటే రాసేవాళ్లకు మాత్రమే కావాల్సినవి, అయిపోతాయి. యూజర్ మీ ప్యాకేజీ తెచ్చుకున్నప్పుడు దానితో పాటు ఇంకే ప్యాకేజీ రాదు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ ప్యాకేజీలోకి ఒక కొత్త డిపెండెన్సీ రూపంలో బిట్‌కాయిన్ వాలెట్లను దోచే కోడ్ చొరబడిన సంగతి తెలిసినవాళ్లకు, డిపెండెన్సీలు లేని ప్యాకేజీ విలువ వేరే చెప్పక్కర్లేదు. సీ ప్లస్ ప్లస్‌లో రాసిన నేటివ్ మాడ్యూళ్లు మాత్రం ఇలా ఒక ఫైల్లో ఇమడవు. వీలైనంతవరకు వాటి జోలికి వెళ్లకండి.

4. నోడ్ ఎక్కడుందో వెతకండి

"మీ మ్యాక్‌లో పనిచేస్తోంది, నా మ్యాక్‌లో పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుకు సాధారణంగా మూలం ఇక్కడే ఉంటుంది. ఆల్ఫ్రెడ్ మీ స్క్రిప్టును నడిపేటప్పుడు మీ టెర్మినల్‌లోని పాత్ విలువ (కమాండ్లను వెతికే ఫోల్డర్ల జాబితా) దానికి రాదు. సిస్టమ్ ఇచ్చే మామూలు ఫోల్డర్లే ఉంటాయి. నోడ్ వాటిలో ఉండదు, మ్యాక్‌ఓఎస్‌తో పాటు నోడ్ రాదు కాబట్టి. పైథాన్ ఉంటుందిలే అని కూడా నమ్ముకోలేం. 2021లో వచ్చిన మాంటెరేతో పీహెచ్‌పీ పోయింది, 2022లో 12.3 అప్‌డేట్‌తో పైథాన్ 2.7 పోయింది. సిస్టమ్‌లో ఉన్నదాని మీద ఆధారపడ్డ వర్క్‌ఫ్లోలు ఆ రెండుసార్లూ ఆగిపోయాయి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నోడ్ పూర్తి దారిని రాసిపెట్టుకుందామని అనిపిస్తుంది. వద్దు. మ్యాక్‌లో ప్రోగ్రాములు తెచ్చిపెట్టే హోమ్‌బ్రూ, ఎన్‌వీఎం రెండూ నోడ్ అసలు ఫైలు ఉండే దారిలోనే వెర్షన్ నంబరును పెడతాయి. నోడ్ అప్‌గ్రేడ్ కాగానే మీరు రాసిపెట్టిన దారి చెల్లదు.

స్క్రిప్ట్ ఫిల్టర్ నేరుగా నోడ్‌ను పిలవకుండా ఒక చిన్న షెల్ స్క్రిప్టును పిలిచేలా చేయండి. అది ముందుగా హోమ్‌బ్రూ ఫోల్డర్లను పాత్‌కు చేర్చాలి. యాపిల్ సిలికాన్ మ్యాక్‌లలో ఆప్ట్ హోమ్‌బ్రూ బిన్, ఇంటెల్ మ్యాక్‌లలో యూఎస్‌ఆర్ లోకల్ బిన్. అక్కడా నోడ్ దొరక్కపోతే యూజర్ జీషెల్‌ను ఇంటరాక్టివ్‌గా, అంటే ఐ ఆప్షన్‌తో తెరిచి నోడ్ దారి అడగాలి. ఎన్‌వీఎం తన లైన్లను సాధారణంగా జీఎస్‌హెచ్‌ఆర్‌సీ ఫైల్లో పెడుతుంది, ఇంటరాక్టివ్ కాని షెల్ ఆ ఫైలును చదవదు. ఇలా అడగడానికి సమయం పడుతుంది కాబట్టి, దొరికిన దారిని ఆల్ఫ్రెడ్ ఇచ్చిన క్యాష్ ఫోల్డర్‌లో దాచుకోండి. తర్వాతిసారి ఆ దారిలో నోడ్ ఇంకా ఉందో లేదో చూసి, ఉంటే వాడండి, లేకపోతే మళ్లీ వెతకండి.

ఎక్కడా దొరక్కపోతే నిశ్శబ్దంగా ఆగిపోకూడదు. ఆల్ఫ్రెడ్‌కు కావాల్సిన జేసాన్‌ను షెల్ స్క్రిప్టే రాసేయగలదు. ఐటమ్స్ జాబితాలో ఒకే ఐటమ్, టైటిల్‌లో "నోడ్ కనిపించలేదు", సబ్‌టైటిల్‌లో ఏం చేయాలో ఒక ముక్క, వ్యాలిడ్ విలువ ఫాల్స్. యూజర్‌కు విషయం అర్థమవుతుంది.

వర్క్‌ఫ్లో మరీ చిన్నదైతే అసలు నోడ్ లేకుండానే రాయొచ్చు. మ్యాక్‌ఓఎస్‌లో 2014 నాటి యోసెమిటీ నుంచి ఓఎస్‌ఏస్క్రిప్ట్‌తో జావాస్క్రిప్టును నడపగలుగుతున్నాం. మన గడియారం లాంటిదానికి అది చాలు. అప్పుడు నోడ్ అవసరం ఇన్‌స్టాల్ చేసే క్షణానికే పరిమితం.

5. ఫైలును కట్టండి, రహస్యాలను బయటికి పోనివ్వకండి

ప్యాకేజ్ డాట్ జేసాన్‌లో ప్రీప్యాక్ అనే స్క్రిప్టు రాయండి. ఎన్‌పీఎం ప్యాక్ చేసినా పబ్లిష్ చేసినా ముందు ఇది నడుస్తుంది కాబట్టి పాత ఫైలు పొరపాటున విడుదల కాదు. ఇందులో రెండు పనులు జరగాలి: ఈఎస్‌బిల్డ్ నడవడం, వర్క్‌ఫ్లో ఫోల్డర్ జిప్ కావడం. ఫోల్డర్ లోపలికి వెళ్లి జిప్ చేయాలి, బయటి నుంచి కాదు. ఇన్ఫో ఫైలు జిప్‌లో పై అంచెలోనే ఉండాలి. ప్రెఫ్స్ ఫైలునూ, ఫైండర్ వదిలే డీఎస్ స్టోర్ ఫైళ్లనూ జిప్‌లోకి రానివ్వకండి.

ఇక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. ఏపీఐ కీ లాంటిదాన్ని వర్క్‌ఫ్లో వేరియబుల్‌లో పెట్టి, పక్కన డోంట్ ఎక్స్‌పోర్ట్ టిక్కు పెట్టి ఉంటారు. ఆ టిక్కు పనిచేసేది ఆల్ఫ్రెడ్ స్వయంగా ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడే. విలువ మాత్రం ఇన్ఫో ఫైల్లో అలాగే ఉంటుంది. మీరు చేతితో జిప్ చేస్తే కీ కూడా లోకానికి వెళ్తుంది, గిట్‌లో పెడితే అక్కడికీ చేరుతుంది. రహస్యాలను మొదటి నుంచే కీచెయిన్‌లో పెట్టి, సెక్యూరిటీ కమాండ్‌తో చదువుకోండి. ఇప్పటికే ఇన్ఫో ఫైల్లో ఉంటే ఆ విలువను ఖాళీ చేసి, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోండి.

వెర్షన్ నంబరు రెండుచోట్ల ఉంటుంది, ప్యాకేజ్ ఫైల్లో ఒకటి, ఇన్ఫో ఫైల్లో ఒకటి. రెంటినీ చేతితో మారిస్తే ఎప్పుడో ఒకసారి తేడా వస్తుంది. వెర్షన్ అనే పేరుతో ఇంకో స్క్రిప్టు రాసి, అందులో పీఎల్‌యుటిల్ రీప్లేస్‌తో కొత్త నంబరును ఇన్ఫో ఫైల్లో రాయించి, గిట్ యాడ్ చేయించండి. ఎన్‌పీఎం వెర్షన్ కమాండ్ నంబరు మార్చాక, కమిట్ చేసే ముందు ఈ స్క్రిప్టును నడుపుతుంది. రెండు మార్పులూ ఒకే కమిట్‌లో, ఒకే ట్యాగ్ కింద పడతాయి.

6. తెరిచే కమాండ్ రాయండి

బిన్ ఫీల్డులో ప్యాకేజీ పేరుతోనే ఒక కమాండ్ ఇవ్వండి. దాని వెనుక ఉన్న స్క్రిప్టు పది పదిహేను లైన్లు దాటదు. ఇది మ్యాక్ అవునో కాదో చూడాలి. ప్యాకేజీలోని ఆల్ఫ్రెడ్‌వర్క్‌ఫ్లో ఫైలు దారిని, స్క్రిప్టు తాను ఉన్న చోటును బట్టి లెక్కగట్టాలి. తర్వాత ఓపెన్ కమాండ్‌ను బీ ఆప్షన్‌తో పిలిచి, ఆల్ఫ్రెడ్ యాప్ ఐడీని, అంటే కామ్ డాట్ రన్నింగ్‌విత్‌క్రేయాన్స్ డాట్ ఆల్ఫ్రెడ్‌ను, ఫైలు దారిని ఇవ్వాలి. ఆల్ఫ్రెడ్ లేకపోతే ఈ కమాండ్ తప్పు చూపిస్తుంది. దాన్ని పట్టుకుని, మామూలు మాటల్లో యూజర్‌కు చెప్పండి. వర్క్‌ఫ్లోలు వాడాలంటే డబ్బు కట్టి తీసుకునే పవర్‌ప్యాక్ ఉండాలన్న విషయం రీడ్‌మీలో మొదటి పేరాలోనే రాయండి.

యూజర్ కొట్టాల్సింది ఇంతే (ఎన్‌పీఎక్స్ అంటే ప్యాకేజీని తెచ్చి అక్కడికక్కడే నడిపే కమాండ్):

ఎన్‌పీఎక్స్ ఆల్ఫ్రెడ్-గడియారం@లేటెస్ట్

లేటెస్ట్ అన్న మాటను రీడ్‌మీలో వదిలేయకండి. అది లేకపోతే ఎన్‌పీఎక్స్ తన క్యాష్‌లోని పాత వెర్షన్‌నే మళ్లీ నడపవచ్చు.

ప్యాకేజ్ ఫైల్లో ఇంకో మూడు విషయాలు. ఓఎస్ ఫీల్డులో డార్విన్ అని పెడితే విండోస్‌లో, లైనక్స్‌లో ఎన్‌పీఎం మొదట్లోనే ఆపేస్తుంది. ఫైల్స్ ఫీల్డులో బిన్ స్క్రిప్టును, ఆల్ఫ్రెడ్‌వర్క్‌ఫ్లో ఫైలును మాత్రమే రాయండి. కీవర్డుల్లో ఆల్ఫ్రెడ్, వర్క్‌ఫ్లో ఉంటే వెతికేవాళ్లకు దొరుకుతుంది.

7. పరీక్షించి పబ్లిష్ చేయండి

ఎన్‌పీఎం ప్యాక్‌ను డ్రై రన్ ఆప్షన్‌తో నడిపి, ఏ ఫైళ్లు వెళ్తున్నాయో ఒక్కొక్కటీ చదవండి. తర్వాత నిజంగానే ప్యాక్ చేసి, వచ్చిన టార్ ఫైలును గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేసి, కమాండ్ నడిపి చూడండి. మ్యాక్‌లో ఇంకో యూజర్ అకౌంట్ తెరిచి అందులో పరీక్షిస్తే ఇంకా మంచిది. మీ షెల్ సెట్టింగులు అక్కడ ఉండవు కాబట్టి నాలుగో అంచెలో రాసిన వెతుకులాట నిజంగా పనిచేస్తుందో లేదో తేలిపోతుంది. పాత వెర్షన్ మీద ఒక హాట్‌కీ పెట్టి, కొత్తదాన్ని ఇంపోర్ట్ చేసి, హాట్‌కీ నిలిచిందో లేదో కూడా చూడండి.

ఎన్‌పీఎం అకౌంట్‌కు టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నాకే పబ్లిష్ చేయండి. మీ పేరు ముందు పెట్టుకునే స్కోప్డ్ ప్యాకేజీ అయితే మొదటిసారి యాక్సెస్ పబ్లిక్ అని చెప్పాలి. గిట్‌హబ్ యాక్షన్స్ నుంచి విడుదల చేసేవాళ్లు 2025లో వచ్చిన ట్రస్టెడ్ పబ్లిషింగ్ వాడుకుంటే ఎక్కడా టోకెన్ దాచుకోవాల్సిన పని ఉండదు.

ఒకసారి వాడిన వెర్షన్ నంబరు మళ్లీ రాదు. ప్యాకేజీని తీసేసినా సరే, అదే నంబరుతో ఇంకోటి పెట్టనివ్వరు. 2016లో లెఫ్ట్-ప్యాడ్‌ను దాని రచయిత తొలగించడంతో ఎందరివో బిల్డులు ఆగిపోయాయి. ఆ తర్వాత అన్‌పబ్లిష్ నియమాలు బిగిశాయి. మొదటి 72 గంటలు దాటాక తీసేయడం కష్టం. తప్పు వెర్షన్ వెళ్తే వెంటనే దిద్దిన వెర్షన్ విడుదల చేసి, పాతదాని మీద డిప్రికేట్ సందేశం పెట్టడమే సరైన దారి.

నంబర్లు ఎలా పెంచాలన్న దానిలో నా మాట ఇది. వర్క్‌ఫ్లోలో కీవర్డు మార్చినా, ఎంటర్ నొక్కితే జరిగే పని మార్చినా అది పెద్ద మార్పే, మొదటి అంకె పెరగాలి. కోడ్‌లో అది ఒక్క లైనే కావచ్చు. వాడేవాళ్ల చేతి అలవాటు మారాలి కదా.

8. కొత్త వెర్షన్ వచ్చిందని తెలియజేయడం

ఎన్‌పీఎక్స్‌తో తెచ్చుకున్నవాళ్లకు అప్‌డేట్ కబురు దానంతటది రాదు. వర్క్‌ఫ్లోయే కనుక్కోవాలి. ఎన్‌పీఎం రిజిస్ట్రీ చిరునామాకు ప్యాకేజీ పేరు, ఆ తర్వాత స్లాష్ లేటెస్ట్ చేర్చి అడిగితే తాజా వెర్షన్ నంబరు జేసాన్‌లో వస్తుంది. స్క్రిప్ట్ ఫిల్టర్ యూజర్ టైప్ చేస్తున్న కొద్దీ నడుస్తూనే ఉంటుంది, అందుకని నెట్‌వర్క్ పనిని అందులో పెట్టకూడదు. వెనుక వేరే ప్రాసెస్‌గా, రోజుకు ఒకసారికి మించకుండా అడిగి, జవాబును క్యాష్ ఫోల్డర్‌లో రాయండి. స్క్రిప్ట్ ఫిల్టర్ ఆ ఫైలును చదివితే చాలు. కొత్తది ఉంటే ఫలితాల్లో అట్టడుగున ఒక వరస చూపండి. పైన చూపితే అలవాటుగా ఎంటర్ కొట్టేవాళ్లు దాని మీద పడతారు. ఈ తనిఖీని ఆపుకునే వీలు కాన్ఫిగరేషన్‌లో ఇవ్వండి, ఏ సర్వర్‌ను అడుగుతున్నారో రీడ్‌మీలో చెప్పండి.

తీసేయడం ఆల్ఫ్రెడ్‌లోనే జరుగుతుంది, వర్క్‌ఫ్లోను డిలీట్ చేస్తే సరి. డేటా ఫోల్డర్‌లో మీరు రాసిన ఫైళ్లుంటే అవి ఎక్కడ మిగులుతాయో రీడ్‌మీలో ఒక లైను రాయండి.

వేరే ప్యాకేజ్ మేనేజర్లు వాడేవాళ్లకు

వర్క్‌ఫ్లో పైథాన్‌లో ఉంటే ఇదే పద్ధతి పైథాన్ ప్యాకేజీల నిలయమైన పైపీఐలో నడుస్తుంది. ఆల్ఫ్రెడ్‌వర్క్‌ఫ్లో ఫైలును ప్యాకేజీ డేటాగా చేర్చి, తెరిచే కమాండ్‌ను ఎంట్రీ పాయింట్‌గా ఇస్తే పిప్‌ఎక్స్ రన్‌తో గానీ యూవీఎక్స్‌తో గానీ నడుపుకోవచ్చు. హోమ్‌బ్రూలో సొంత ట్యాప్ (ప్యాకేజీల జాబితా) పెట్టుకుని ఫార్ములా (ఇన్‌స్టాల్ చేసే విధానం చెప్పే ఫైలు) రాసేవాళ్లు మాత్రం ఇన్‌స్టాల్ సమయంలోనే ఆల్ఫ్రెడ్ ఫోల్డర్‌లో రాయాలని చూడకండి, శాండ్‌బాక్స్ అడ్డుపడుతుంది. ఫైలును షేర్ ఫోల్డర్‌లో పెట్టి, తెరిచే కమాండ్‌ను బిన్‌లో ఇచ్చి, దాన్ని ఒకసారి నడపమని కేవియట్స్‌లో (ఇన్‌స్టాల్ అయ్యాక హోమ్‌బ్రూ చూపే సూచనల్లో) రాయండి. బ్రూ అప్‌గ్రేడ్ చేసినప్పుడు కూడా ఆ కమాండ్‌ను మళ్లీ నడపాలి. ఆ సంగతి కూడా కేవియట్స్‌లోనే చేర్చండి.